నాన్న ఎక్కిన ఓడలు, అమ్మ ఎక్కిన ఓడ

మా నాన్న తన ఉద్యోగకాలంలో కొన్ని వందల ఓడలు ఎక్కారు. ఒక్క ఓడలోనూ ప్రయాణం చేయలేదు.

ఆయన కాకినాడ రేవులో టాలీ గుమాస్తా. ఇప్పుడంటే డీప్ వాటర్ పోర్టు ఉంది, ఓడలు గోడను ఆనుకుని నిలబడుతున్నాయి. అది వచ్చింది 1997లో. మా చిన్నతనంలో పెద్ద ఓడలేవీ ఒడ్డుకు వచ్చేవి కావు. హోప్ ఐలాండ్ చాటున, సముద్రంలోనే లంగరు వేసుకునేవి. బియ్యం బస్తాలు జగన్నాథపురం కాలువలో బార్జీలకెక్కి వాటి దగ్గరకు వెళ్ళేవి. నాన్న తెల్లవారకముందే లాంచిలో బయలుదేరి, ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి, రోజంతా సరుకు గది నోరైన హ్యాచ్ పక్కన నిలబడి లోపలికి దిగే ప్రతి స్లింగునూ, అంటే తాళ్ళతో కట్టి దించే బస్తాల మోపునూ, లెక్కపెట్టేవారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా అడ్డగీత. ఓడ తరఫున ఒకరు, ఒడ్డు తరఫున ఒకరు విడివిడిగా గీతలు గీసుకునేవారు. సాయంత్రానికి ఆ రెండు లెక్కలూ కలవాలి. కలవకపోతే కలిసేదాకా ఇంటికి రావడం ఉండదు.

ఆయన స్నానం చేసి అన్నానికి కూర్చున్నాక మొదలయ్యేవి ఓడల కబుర్లు. ఓడ పుట్టిల్లు ఎక్కడో తెలుసుకోవాలంటే వెనక వైపు చూడాలి, పేరు కింద అది నమోదైన ఊరు రాసి ఉంటుంది. ఆ ఊరు పనామా దేశంలోదే అయినా ఓడ జన్మలో పనామా చూసి ఉండకపోవచ్చు. ముందు భాగాన నీటిని ఆనుకుని పైకి వెళ్ళే అంకెలు డ్రాఫ్టు మార్కులు, ఓడ ఎంత లోతు మునిగిందో అవి చెబుతాయి. ఎక్కించక ముందు ఎంత, ఎక్కించాక ఎంత అని చూస్తే లోపల ఎన్ని టన్నుల సరుకుందో లెక్క కట్టవచ్చు. అమ్మ గరిటె పట్టుకుని వింటూ ఉండేది. మధ్యలో ప్రశ్నలు వేసేది. ఓడను ఆమె దగ్గరగా చూసింది ఎప్పుడూ లేదు. సాయంత్రాలు బీచికి వెళ్తే దూరంగా నీటి మీద దీపాల వరుసలు కనిపించేవి. "ఎడమ నుంచి మూడోది గ్రీకు వాళ్ళది, నిన్న నేనెక్కింది అదే" అనేవారు నాన్న. అమ్మకు ఓడంటే ఆ దీపాల వరుసే.

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ఉంది, ఒకసారి వెళ్దాం అని ఆయన చాలాసార్లు అన్నారు. అక్క పెళ్ళి, నా చదువు, తాతయ్య వైద్యం, ఇల్లు. 2009లో నాన్న వెళ్ళిపోయారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక కాగితం. మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్ళి, అమ్మ పోయాక తొలిసారి ఆమె బీరువా తెరిచాను. పట్టుచీరల మడతల్లో, ఫొటోల కవరు కింద అది కనిపించింది. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాను.

2013లో అమ్మ మా దగ్గరకు వచ్చింది. సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటున్నాం అప్పటికి. మే నెల ఆదివారం ఒకటి, సముద్రం ఒడ్డున నడుస్తుంటే ఎదురుగా పది పన్నెండు అంతస్తుల తెల్ల ఓడ ఆగి ఉంది. అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇందులో ఎక్కించే సరుకు ఏమిటి?" అని అడిగింది.

"సరుకేమీ లేదమ్మా, మనుషులే. అలాస్కా దాకా తిప్పి తీసుకొస్తారు."

"ఒట్టి మనుషుల కోసం ఇంత ఓడా?" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే గౌరవమే ఎక్కువ వినిపించింది నాకు. ఆ రాత్రే మా ఆయనతో మాట్లాడాను. ఆయనకు సెలవు దొరకదు. సరే, నేను, అమ్మ, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, ముగ్గురం. జూన్ చివరి వారం, ఏడు రాత్రులు. బాల్కనీ ఉన్న గది ఖరీదు కాస్త ఎక్కువే, అయినా అదే తీసుకున్నాను. ఈరోజు ఎవరు నన్ను అడిగినా అదే చెబుతాను: పెద్దవాళ్ళను తీసుకువెళ్తే ఎక్కడ తగ్గించుకున్నా బాల్కనీ దగ్గర తగ్గించుకోకండి. పై అంతస్తుకు వెళ్ళడానికి ఓపిక లేని గంటలో కూడా సముద్రం వాళ్ళ ముందే ఉంటుంది.

తయారీకి నెల పట్టింది. మొదటి చిక్కు వీసా. అలాస్కా అమెరికాలోనే ఉన్నా, ఓడ చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది కాబట్టి భారతీయ పాస్‌పోర్టు ఉన్న అమ్మకు కెనడా వీసా కావాలి. అక్కడ ఆగకుండా తిన్నగా వెనక్కి రావచ్చుగా అని మా అబ్బాయి విసుక్కున్నాడు. ఆగక తప్పదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న వాళ్ళను అమెరికా రేవులోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలని 1886 నాటి చట్టం ఉంది. నేను ఇంకా చెప్పడం పూర్తి చేయలేదు, అమ్మ అందుకుంది: "అయితే ఓడ అమెరికాది కాదన్నమాట. జెండా ఎవరిది?" బహామాస్‌ది. "మీ నాన్న చెప్పేవారే, పనామా ఓడ పనామా చూడదని" అంది, పాత స్నేహితుడి క్షేమం తెలిసినంత తృప్తిగా.

పాస్‌పోర్టు వీసా ముద్రతో తిరిగి వచ్చేసరికి ప్రయాణం పదమూడు రోజుల్లోకి వచ్చింది. అది వచ్చేదాకా నాకు సరిగా నిద్ర లేదు. పిల్లవాడి వెంట తండ్రి రావడం లేదు కనుక, సరిహద్దు దాటించడానికి అభ్యంతరం లేదని మా ఆయన సంతకంతో ఒక ఉత్తరం కూడా పెట్టుకున్నాను.

రెండో చిక్కు తిండి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్దామంది. మంటలు లేచే ప్రమాదం ఉందని కుక్కర్లు, ఇస్త్రీపెట్టెలు ఓడలోకి రానివ్వరు. ఇంట్లో వండినవీ తేకూడదు. సీలు వేసిన కందిపొడి పొట్లాలు, శొంఠి, బెల్లం, ఊరి నుంచి వచ్చిన కాజాల డబ్బా, అదీ సీలు తీయనిది, అంతే సర్దుకున్నాం. ప్రయాణానికి ముందే ఓడవాళ్ళకు శాకాహారం, భారతీయ వంట అని రాసి పంపితే, ముందు రోజు చెబితే మర్నాటికి వండిపెడతామని జవాబు వచ్చింది. మూడో చిక్కు దీపం. గదిలో అగ్గిపుల్ల గీయకూడదు. అమ్మ పూజ మానదు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం కొన్నాను. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి, "వెలుగు వెలుగే కదా" అని సంచిలో వేసుకుంది.

చీర మీద స్వెట్టరు, దాని మీద వానకు తడవని కోటు, కాళ్ళకు బూట్లు. కొంగు గాలికి ఎగరకుండా పిన్నీసులు డజను. ఇంట్లో ఆ వేషం వేసుకుని చూసి, హాల్లో పది అడుగులు నడిచి, "ఫరవాలేదు, నిచ్చెన కూడా ఎక్కేయగలను" అంది.

నిచ్చెన అవసరం రాలేదు. విమానాశ్రయంలో లాగే గాజు సొరంగంలోంచి నడుచుకుంటూ వెళ్ళి లోపల తేలాం. అమ్మ ముఖం కొంచెం చిన్నబోయింది. ఓడ ఎక్కినట్టే లేదంది. గదిలోకి వెళ్ళాక మా అబ్బాయికి పైకప్పులోంచి దిగే పడక చూపించారు. "సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు" అంది అమ్మ, ఆ తర్వాత బాల్కనీ తలుపు తీసింది. ఎనిమిదో అంతస్తు. కింద ఎక్కడో ఆకుపచ్చ నీళ్ళు, లంగరు తాళ్ళు, చీమల్లా మనుషులు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూ, "ఇప్పుడు ఎక్కాం" అంది.

బయలుదేరే ముందు అందరికీ ప్రమాద సమయపు కసరత్తు ఉంటుంది. అంతకు ముందు సంవత్సరం, 2012 జనవరిలో, ఇటలీ తీరంలో ఒక పెద్ద విహార నౌక రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. టీవీలో ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశామో. ఓడ కూత ఏడుసార్లు పొట్టిగా, ఎనిమిదోసారి పొడవుగా మోగింది. నాకు వెన్నులో చలి పుట్టింది. అమ్మ మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఏడూ ఒకటీ, సరిపోయింది" అని తల ఊపింది.

సాయంత్రం నాలుగు దాటాక ఓడ కదిలింది. కదిలినట్టు తెలియలేదు. గోడకూ మాకూ మధ్య ఒక గీతంత నీరు కనిపించింది, అది జానెడైంది, బారెడైంది, కాసేపట్లో ఊరే మా నుంచి జరిగిపోతున్నట్టుంది. స్పేస్ నీడిల్ గోపురం చిన్నదవుతుంటే అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. అమ్మ అటు చూడలేదు. ఓడ వెనకాల తెల్లగా విచ్చుకుంటున్న నీటి బాటనే చూస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి నేను పక్కకు తిరిగాను.

మర్నాడంతా సముద్రమే. వాంకూవర్ దీవికి అవతలి వైపు నుంచి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్తుంది ఆ దారి. మధ్యాహ్నానికి ఉయ్యాల మొదలైంది. నడవలో జనం అందరూ ఒకేసారి ఎడమకు, ఒకేసారి కుడికి వాలుతున్నారు. నేను మంచం మీద నుంచి లేవలేకపోయాను. ఓడవాళ్ళు ఆకుపచ్చ యాపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు తెచ్చిచ్చారు. అమ్మ శొంఠి బెల్లం కలిపి చిన్న ఉండ చేసి నా నోట్లో పెట్టి, బాల్కనీ తలుపు తెరిచి, "దగ్గర వస్తువులు చూడకు, దూరంగా ఆ గీత చూడు, అది కదలదు" అంది. సముద్రం ఆకాశం కలిసే గీత. అది నిజంగానే కదలలేదు. లాంచిలో కొత్తగా వచ్చిన గుమాస్తాలకు నాన్న చెప్పే చిట్కా అది. మా అబ్బాయి ఆ సాయంత్రం నుంచి అమ్మమ్మను వదిలి నా దగ్గరకు రాలేదు.

మూడో రోజు జూనో. అలాస్కా రాజధాని, కానీ బయటి నుంచి ఆ ఊరికి ఒక్క రోడ్డూ లేదు. పడవలో రావాలి, లేదా విమానంలో. రోడ్డు లేని రాజధాని ఏమిటని అమ్మ ఆశ్చర్యపోయింది. మెండెన్‌హాల్ హిమానీనదం, దాని పక్కన జలపాతం చూసి వచ్చాం. బాగుంది. కానీ అమ్మ ఆ రోజు తన సొంత పని ఒకటి పెట్టుకుంది. తిరిగి వచ్చి ఓడ ఎక్కబోతూ ఆగి, రేవు గోడ వెంట ముందు భాగం దాకా నడుద్దామంది.

ఆ నడక నాకు బాగా గుర్తు. చినుకులు పడుతున్నాయి. పక్కన తెల్లటి ఇనుప గోడ, తల ఎత్తితే అంతు దొరకదు. ముక్కు దగ్గరికి చేరాక అమ్మ వంగి చూసింది. నీళ్ళ పైన వరసగా తెల్ల అంకెలు. నీరు ఒక అంకె మీదికి వస్తోంది, జారుతోంది, మళ్ళీ వస్తోంది. "అల పైకి వచ్చినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి, రెంటికీ మధ్య చూడాలి" అని మనవడికి చెప్పింది. ఇద్దరూ గట్టు మీద ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి చూసి, ఎనిమిదికి కాస్త పైన అని తేల్చారు. ఎనిమిది మీటర్లు. అంత ఎత్తు ఓడ నీళ్ళలో ఉన్నది అంతేనా అని వాడికి నమ్మకం కుదరలేదు.

తర్వాత మధ్యభాగానికి నడిచి, గుండ్రటి గీత, దాని మీద అడ్డగీత వెతికారు. ప్లిమ్సాల్ గుర్తు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పోరాడితే 1876లో ఆ గుర్తు తప్పనిసరి అయింది. అంతకు ముందు లాభం కోసం ఓడలను మునిగేదాకా నింపేవాళ్ళు, నావికులు చచ్చిపోయేవాళ్ళు. పక్కన చిన్న గీతలుంటాయి, వేసవి సముద్రానికి ఒకటి, చలికాలం సముద్రానికి ఇంకొకటి. చలికాలపు గీత కిందికి ఉంటుంది, ఆ కాలంలో తుఫానులు ఎక్కువ కాబట్టి బరువు తక్కువ వేసుకోవాలి. ఇదంతా వాడికి చెప్పింది నేను కాదు. అన్నం వడ్డిస్తూ విన్నవన్నీ ముప్ఫై ఏళ్ళు దాచుకుని, జూనో రేవులో వానలో నిలబడి అమ్మ చెప్పింది. గుర్తు కనిపించగానే అరచేయి చాపి, ఓడకు ఆనించబోయి, మధ్యలో నీటి సందు ఉండటంతో ఆగిపోయింది. గాల్లోనే ఒక్క క్షణం అలా ఉంచింది చేతిని.

ఆ తర్వాత తిరిగి లోపలికి వెళ్ళే మెట్లు పొద్దున ఉన్న వాలులో లేవు. పోటు వచ్చి ఓడ బాగా పైకి లేచింది. అక్కడ పోటుకూ పాటుకూ మధ్య కొన్ని రోజుల్లో ఇరవై అడుగుల తేడా ఉంటుంది.

స్కాగ్వేలో రైలెక్కాం. 1898లో బంగారం వేటకు జనం ఎగబడినప్పుడు మొదలుపెట్టి రెండేళ్ళలో వేసిన, పట్టాల మధ్య మూడడుగుల వెడల్పే ఉన్న రైలు మార్గం, ఇరవై మైళ్ళలో దాదాపు మూడు వేల అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. కొండ పక్కన పాత కాలిబాట ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. మనిషికి ఏడాదికి సరిపడా సామాను, సుమారు ఒక టన్ను, మోసుకుపోతేనే కెనడాలోకి రానిచ్చేవారట. టన్ను బియ్యమంటే ఎన్ని బస్తాలో అమ్మ వెంటనే చెప్పి, ఎన్నిసార్లు దిగి ఎక్కాలో లెక్క వేసింది. ఆ రాత్రి పదిన్నరకు కూడా చీకటి పడలేదు. సంధ్య దాటితే గానీ దీపం పెట్టనని బాల్కనీలో కూర్చుని, చివరికి మనవడు నిద్రపోతున్నాడని లేచి బ్యాటరీ దీపం నొక్కింది.

మర్నాడు గ్లేసియర్ బే. పొద్దున్నే ఓడ నెమ్మదించింది. బాల్కనీలో కాఫీ తాగుతున్నాం. చిన్న మోటారు బోటు ఒకటి మా ఓడ పక్కకు వచ్చి, మా వేగంతోనే నడుస్తూ అంటిపెట్టుకుంది. నీటికి కాస్త పైన ఇనుప గోడలో తలుపు తెరుచుకుంది. అందులోంచి ఒక నిచ్చెన జారింది. రెండు లావు తాళ్ళు, మధ్య కొయ్య పలకలు. ఆ అఖాతం జాతీయ ఉద్యానవనం, లోపలికి వచ్చే ప్రతి విహార నౌకలోకీ అక్కడి రేంజర్లు ఇలా ఎక్కి రోజంతా వివరాలు చెప్పి, సాయంత్రం ఇలాగే దిగిపోతారు. వెడల్పు అంచు టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి బోటు ముక్కు మీద నిలబడి, అల ఎత్తే దాకా ఆగి, అది ఎత్తగానే తాళ్ళు పట్టుకుంది. బోటు కిందికి జారిపోయింది. ఆమె నిచ్చెన మీద ఉంది.

అమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"అల పైకి వచ్చినప్పుడే పట్టుకోవాలి. కిందికి దిగుతున్నప్పుడు పట్టుకుంటే బోటు మళ్ళీ లేచి కాళ్ళు నలిపేస్తుంది" అంది, చూపు తిప్పకుండా. కొంచెం ఆగి, "ఆయన రోజూ ఇలాగే ఎక్కారన్నమాట. ఇన్నేళ్ళూ నిచ్చెన అంటే మన అటక నిచ్చెన లాంటిది అనుకున్నాను" అంది.

ఆ రేంజరు తర్వాత ఇంకో ముగ్గురు ఎక్కారు. నలుగురూ పైకి చేరి, తలుపు మూసుకున్నదాకా అమ్మ కమ్మీ వదల్లేదు. నేనూ ఏమీ మాట్లాడలేదు. నాన్న వానాకాలంలో ఆలస్యంగా వచ్చిన రాత్రులు ఒక్కొక్కటే గుర్తుకు వస్తున్నాయి నాకు. ఒకసారి మోకాలి దగ్గర చీరుకుపోయి వచ్చి, గట్టు మీద జారానని చెప్పారు.

ఆ రోజు చూసిన మంచు గురించి చెప్పాలంటే మాటలు చాలవు, అయినా చెబుతాను. 1794లో జార్జి వాంకూవర్ అనే బ్రిటిష్ నావికుడి బృందం వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు, ఉన్నది మంచు గోడ, అందులో చిన్న నొక్కు. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేనాటికి ఆ గోడ నలభై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు అరవై అయిదు మైళ్ళు లోపలికి వెళ్తే గానీ చివర రాదు. అంటే మేం తేలుతున్న దారి అంతా రెండు వందల ఏళ్ళ కిందట మంచే. దానికీ ముందు అక్కడ ఆదివాసులైన హూనా ట్లింగిట్ ప్రజల ఊళ్ళుండేవట, పెరుగుతూ వచ్చిన మంచు వాళ్ళను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. రేంజరు మైకులో చెబుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. "మన ఉప్పాడలో సముద్రం ఇళ్ళు తీసుకున్నట్టు" అంది అమ్మ. ఆమె పుట్టిల్లు ఉప్పాడ దగ్గరే. చిన్నప్పుడు ఆడుకున్న వీధి ఇప్పుడు నీళ్ళలో ఉంది.

మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగింది. మైలు వెడల్పు, నీటి పైన 250 అడుగుల ఎత్తు. దూరం నుంచి తెల్లగా ఉన్నది దగ్గరకు వచ్చేసరికి నీలం అయింది. పగుళ్ళ లోపల ఇంకా చిక్కటి నీలం, నీలిమందు నీళ్ళు పిండినట్టు. వేల మంది ఉన్న ఓడలో ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు. తేలుతున్న మంచు ముక్కలు చిటపటమంటున్నాయి, పోపులో ఆవాలు చిట్లినట్టు. ఎన్నో ఏళ్ళుగా లోపల ఇరుక్కున్న గాలి బుడగలు కరుగుతూ పగిలే చప్పుడది. అంతలో గోడ ఎడమ వైపు నుంచి ఇంత మంచు ఊడి కిందికి జారింది. చప్పుడు లేదు. నీరు పైకి లేచింది, అప్పటికి వచ్చింది ఉరుము. గుండెలోకి దిగింది. ట్లింగిట్ ప్రజలు దాన్ని తెల్ల ఉరుము అంటారట. అమ్మ దణ్ణం పెట్టుకుంది. కెప్టెన్ ఓడను ఉన్నచోటే నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు, రెండు వైపుల గదుల వాళ్ళకూ కనిపించాలని.

ఇక ఆ కాగితం. ఓడలో రోజూ రాత్రి మర్నాటి కార్యక్రమాల పత్రం గదిలో పెట్టి వెళ్ళేవారు. దాని వెనక వైపు అమ్మ తిమింగలాల లెక్క పెట్టింది. హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయి వైపు పోయి, వేసవికి మేతకు ఇక్కడికి వస్తాయి. ముందు నీటి మీద ఆవిరి లేస్తుంది, తర్వాత నల్లటి వీపు, అదృష్టం ఉంటే తోక. కనిపించినప్పుడల్లా ఒక గీత. మా అబ్బాయికి వేరే కాగితం ఇచ్చి, "నువ్వు ఓడ గుమాస్తావి, నేను ఒడ్డు గుమాస్తాను" అంది. చివరి రాత్రి ఇద్దరూ మంచం మీద కాగితాలు పరుచుకుని లెక్క కలిపారు. వాడికి పదిహేను, ఆమెకు పదమూడు. ఏ రోజు, ఏ పూట, ఏ వైపు అని ఒక్కొక్కటే అడుగుతూ గంట కూర్చోబెట్టింది. ఒకే తిమింగలం రెండుసార్లు లేచిందని రెండు చోట్ల వాడే ఒప్పుకుని కొట్టేశాడు. పదమూడు. రెండు కట్టలు, మూడు గీతలు. కింద ఇద్దరూ సంతకాలు చేశారు. అమ్మది తెలుగులో, వాడిది ఇంగ్లీషు అక్షరాల్లో, గుండ్రంగా.

భోజనాల గదిలో మూడో రోజు ఒక కుర్రాడు నీళ్ళు పోస్తూ మా మాటలు విని ఆగాడు. "మీదే ఊరు అమ్మగారూ?" భీమిలి అబ్బాయి. తొమ్మిది నెలల ఒప్పందం మీద పని, అయిదు నెలలు అయిందట. మర్నాటి నుంచి మా బల్లకు వేడి అన్నం, పప్పు తప్పకుండా వచ్చేవి. అమ్మ అతన్ని ఇంటి సంగతులు అడగలేదు. ఓడ సంగతులే అడిగింది. బియ్యం ఏ రేవులో ఎక్కిస్తారు, ఎన్ని బస్తాలు పడతాయి, లెక్క ఎవరు చూస్తారు. "సియాటిల్‌లోనే అమ్మగారూ, వారం వారం, మీరు దిగే పూటే" అన్నాడు.

కెచికాన్‌లో వాన, ఎర్ర దేవదారు మానుల్లో చెక్కిన టోటెమ్ స్తంభాలు. విక్టోరియాలో మూడు గంటలు, దీపాల తోరణంలా వెలుగుతున్న శాసనసభ భవనం. అంతే గుర్తుంది. అప్పటికే మనసు ఇంటి దారి పట్టింది.

ఆదివారం పొద్దున సియాటిల్‌లో దిగాం. గాజు సొరంగంలో పెట్టెలు లాక్కుంటూ నడుస్తున్నాం. మధ్యలో అమ్మ ఆగిపోయింది. కింద రేవు గోడ మీద లారీలు, ఫోర్కులున్న బళ్ళు. పుచ్చకాయల పెట్టెలు, ఉల్లిపాయల సంచులు, పాల డబ్బాలు, బియ్యం. ఓడ పక్కన తెరిచిన తలుపులోకి ఒక్కో మోపూ వెళ్తోంది. తలుపు పక్కన పసుపు కోటు వేసుకున్న నడివయసు మనిషి అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడ్డాడు. మోపు లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఒకసారి తల ఎత్తుతున్నాడు, ఒకసారి దించి పెన్ను కదుపుతున్నాడు.

అమ్మ నుదురు అద్దానికి ఆనించింది. వెనక జనం పక్కనుంచి దాటిపోతున్నారు. బయట మా ఆయన కారుతో ఎదురుచూస్తున్నారు, రెండుసార్లు ఫోను మోగింది.

"వెళ్దామా అమ్మా?" అన్నాను.

"ఉండు" అంది, అద్దం మీంచి నుదురు తీయకుండా. "ఆ లారీ అయిపోనీ. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది."